రమణన్నా, పన్నెండో పిన్ను నేను మార్చలా

నిన్న పొద్దున పదింటికి వదిన ఫోన్ చేసింది.

"మీ అన్న పోయినాడు పాపా. నాలుగింటికి తీసకపోతారంట. వచ్చెయ్."

యాడికి పోయినాడు వదినా అని అడిగినా. నిజంగానే అడిగినా. నా బుర్ర అంతవరకే పనిచేసింది.

షాపులో టీ తాగతా తాగతా కుర్చీలోనే ఒరిగిపోయినాడంట. ఆసుపత్రికి పోయేలోపే అయిపోయిందంట.

మొన్న సాయంత్రమేగా అన్న నన్ను తిట్టింది!

తెలియనోళ్ళ కోసం చెప్తా ఉన్నా.

రమణన్నది మైపాడు. జాలర్ల ఇంట్లో పుట్టినాడు, వల మాత్రం పట్టలా. పడవల బ్యాటరీలు, మోటార్లు బాగుచేస్తా చేస్తా, ఆఖరికి రొయ్యల గుంటలకు వైఫై బోర్డులు బిగించే పనిలో పడినాడు.

అరచేతిలో సగం కూడా ఉండదు ఆ బోర్డు. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోన్‌కి మెసేజ్ కొడుతుంది. కరెంటు పోయి వస్తే నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లను తనే ఆన్ చేస్తుంది. ఏరియేటర్లు తిరగకపోతే రొయ్యలకు ఊపిరాడదు. ఇంక అంతే సంగతులు.

డిప్లొమా అయినాక నేను ఆయన షాపులో చేరినా. ఆరేళ్ళు. షాపులో ఉన్నదే మేమిద్దరం.

మొదటిరోజే వదిన నెయిల్ పాలిష్ సీసాలు ఎత్తుకొచ్చి, బోర్డు మీద వైర్లు కలిపే పిన్నులన్నిటికీ చుక్కలు పెట్టినాడు.

ఆరు నించి పదకొండు దాకా ఎరుపు. అవి బోర్డు సొంత మెమరీవి, చెయ్యి పెట్టొద్దన్నాడు.

ముప్పై నాలుగు, ముప్పై అయిదు, ముప్పై ఆరు, ముప్పై తొమ్మిది నీలం. ఈ నలుగురూ వింటారే గానీ మనం చెప్పింది బయటికి చెప్పరు, అచ్చం నా మాదిరి, మీ వదినని అడుగు అన్నాడు.

వైఫై ఆన్ చేస్తే కొన్ని పిన్నులు కొలత చూపించవనీ, మూడు వోల్టుల బోర్డుకి అయిదు వోల్టులు పెడితే చచ్చిపోద్దనీ... అన్నీ అట్టా నవ్విస్తానే నేర్పించినాడు. సీసాలు ఖాళీ అయినాయని వదిన ఇద్దరికీ చీవాట్లు పెట్టింది.

ఒకసారి ఒక రైతు, ఉప్పుగాలికి తుప్పు పడతాదని బోర్డుని స్టీలు టిఫిన్ బాక్సులో పెట్టి మూత బిగించినాడు. ఇంకేముంది, సిగ్నల్ బయటికి రాలా. బోర్డు చెడిపోయిందని షాపు ముందు ఒకటే గొడవ. అన్న ఒక్క మాట ఎదురు చెప్పలా. వాళ్ళింటికే పోయి, ఖాళీ ఆవకాయ డబ్బా కడిగించి, బోర్డుని అందులో పెట్టి వచ్చినాడు. ఇప్పటికీ అది అందులోనే పనిచేస్తా ఉంది.

పన్నెండో పిన్నుకి మాత్రం పసుపు చుక్క పెట్టినాడు.

కరెంటొచ్చి బోర్డు లేచే క్షణంలో ఈ పిన్నులో కరెంటు ఉండకూడదు పాపా, ఉంటే అది లేవనే లేవదు అన్నాడు. లేచినాక అయితే ఏమైనా పెట్టుకోవచ్చు.

నేను విన్నా. విని కూడా, గుంటలో నీళ్ళుంటే పిన్నుకి కరెంటు పంపే ఫ్లోట్ స్విచ్‌ని ఆ పన్నెండుకే కలిపినా. షాపులో టెస్ట్ చేసేటప్పుడు నీళ్ళుండవు కదా, బోర్డు శుభ్రంగా లేచేది. ఇరవై ఒక్క బోర్డులు అట్టానే బిగించినా.

మొన్న అన్న కనిపెట్టినాడు. గుంట నిండుగా ఉన్నప్పుడు కరెంటు పోయి వస్తే గతేంది, రేపే మార్చడం మొదలుపెట్టు అన్నాడు. వచ్చే వారం చూస్తాలే అన్నా. దానికే ఆ తిట్లు.

నిన్న వదిన ఫోన్ చేసేసరికి నేను బోగోలు దగ్గర గుంటల మీద ఉన్నా. అక్కణ్ణించి మైపాడు గంటన్నర దారి.

మబ్బు, గాలి. పది నిమిషాలకోసారి కరెంటు పోతా వస్తా ఉంది. వచ్చిన ప్రతిసారీ నేను బిగించిన బోర్డులు చచ్చినట్టు పడున్నాయి.

పన్నెండు నించి వైరు పీకాలి. బోర్డు లేచిందాకా ఆగాలి. మళ్ళీ గుచ్చాలి. గుచ్చకపోతే నీళ్ళు లేవనుకొని ఏరియేటర్లను తిప్పదు. మూడు గుంటలు, మూడు బోర్డులు. చేత్తో వేసే స్విచ్చులు ఉప్పుకి బిగుసుకపోయి ఉన్నాయి. వైరు వేరే పిన్నుకి మార్చాలంటే ప్రోగ్రామ్ మార్చాలి, ల్యాప్‌టాప్ చూస్తే షాపులో ఉంది. రైతు చెన్నైలో. కాపలా తాతకు కళ్ళు ఆనవు.

ఎవర్ని పంపమని ఫోన్ చేసేది? ఇట్టాంటప్పుడు నేను ఫోన్ చేసేది అన్నకే.

బండి దాకా రెండుసార్లు పోయినా. రెండుసార్లూ కరెంటు పోయింది, వెనక్కి పరిగెత్తినా. గట్టు మీద నన్ను ఎవరూ కట్టెయ్యలా. నేనే కట్టేసుకున్నా.

నాలుగయింది. వైరు పట్టుకొని ఏడస్తా నిలబడినా. తాత నా పక్కనే గొడుగు పట్టుకొని నిలబడినాడు.

గాలి తగ్గి నేను అన్న ఇల్లు చేరేసరికి ఆరున్నర. అంతా అయిపోయింది. ఆఖరి చూపు నాకు దక్కలా.

నా తప్పు వల్లే రాలేకపోయినా వదినా అన్నా. ఆమె చాప మీద జరిగి చోటిచ్చింది.

అప్పుడు అన్న ఫోన్ మోగింది. ఆమె ఒళ్ళోనే ఉంది. ఆగి మళ్ళీ మోగింది. మూడోసారి నా చేతిలో పెట్టింది.

దొరవారిసత్రం రైతు. "రమణన్నా, కరెంటొచ్చింది గానీ బోర్డు లేవలా. ఎట్టనో చేత్తో స్విచ్చులేసి ఏరియేటర్లు తిప్పతా ఉన్నా."

నేను ఫోన్ పట్టుకొని వదిన వైపు చూసినా. వదినే ఫోన్ దగ్గరికి వంగి చెప్పింది.

"ఆయన లేడయ్యా. పాప వస్తాది."

ఇది ఆ దొరవారిసత్రం గట్టు మీద నించే రాస్తా ఉన్నా. షాపు నించి ల్యాప్‌టాప్ తెచ్చి, ఇక్కడి వైరు ఇరవై ఏడో పిన్నుకి మార్చినా. ఇంకా ఇరవై బోర్డులున్నాయి.

నీ ఫోన్ నా దగ్గరే ఉందన్నా. ఎవరు చేసినా నేనే ఎత్తుతా.

ఇంక నిన్నెవరూ లేపరు. నిమ్మళంగా ఉండు.