రాజుగారి చెట్టు కింద

మా అక్క మొగుడు జోథమ్ పెటెంగిల్ ముప్పై ఏళ్లు ఇంగ్లీషు రాజుగారి ఓడలకు తెరచాప కొయ్యలు నరికాడు. న్యూ హాంప్‌షైర్ అడవుల్లో గొడ్డలి పట్టలేని మగాడు లేడు గానీ, నూట యాభై అడుగుల పైన్ చెట్టును పగలకుండా నేలకు దింపడం అందరికీ చేతనయ్యే పని కాదు. అంత చెట్టు ఉత్త నేల మీద పడితే నడుముకు విరుగుతుంది, ఇక పొయ్యిలోకి తప్ప పనికిరాదు. అందుకని బావ ముందు చుట్టుపక్కల చిన్న చెట్లను కొట్టి, అది పడే దారి పొడవునా పరుపులా పరిచేవాడు. పైన మంచు కుప్ప పోయించేవాడు. అప్పుడు ఆ పక్క మీదికి మెల్లగా వాల్చేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్కటంటే ఒక్క చెట్టును విరగనివ్వలేదు. ఆ గొప్ప ఆయన చెప్పుకునేవాడు కాదు, మేమే చెప్పుకునేవాళ్లం.

ఆయనకు రాజంటే భక్తి. నా మొగుడు ఏమస్‌కు రాజంటే ఒళ్లు మంట, ఎందుకంటే మాది రంపపు మిల్లు. రెండడుగుల మందం దాటిన పైన్ చెట్టు ఎవరి పొలంలో ఉన్నా రాజుగారిదేనని చట్టం. తనిఖీ మనిషి వచ్చి బెరడు మీద గొడ్డలితో కాకి అడుగులా మూడు గాట్లు పెట్టి పోతాడు. ఇక దాన్ని ముట్టుకుంటే జరిమానా. అందుకే దొంగచాటుగా పెద్ద చెట్టు కోసినా పలకల అంచులు చెక్కేసేవాళ్లం, మా ఊళ్లో ఏ ఇంటి నేల పలక కొలిచినా ఇరవై మూడు అంగుళాలే. ఇరవై నాలుగు అంగుళాల చెట్టును మా అడవిలో దేవుడు పుట్టించనే లేదన్నమాట. బావ ఇంట్లో పలకలు మాత్రం అన్నీ అడుగు వెడల్పువి. “మీ బావ కలలో చెట్టు కొట్టినా పొద్దున లేచి తనిఖీ వాళ్లకి చెప్పొస్తాడే” అని ఏమస్ నన్ను దెప్పేవాడు.

బావ ఇంటి వెనక గట్టు మీద మూడు గాట్ల చెట్టు ఒకటి ఉండేది. ఇల్లు కట్టేనాటికి నిటారుగానే ఉంది. పదిహేడు వందల డెబ్బై మూడో సంవత్సరం వచ్చేసరికి ఇంటి వైపు ఒరిగింది. సెప్టెంబరులో ఒకరోజు అక్కా నేనూ గుమ్మడికాయలు కోస్తుంటే, బావ గొడ్డలి తిరగేసి దాని మొదలు మీద కొట్టి చెవి ఆనించాడు. ఇంకోచోట కొట్టాడు. ముఖం వాడిపోయింది.

“లోపలంతా కుళ్లిపోయింది,” అన్నాడు.

“అయితే కొట్టెయ్,” అంది అక్క. ఆమె పేరు మెహిటబుల్, ఆయన హెట్టీ అనేవాడు. “నీకు ఒక్క పూట పని.”

“మూడు గాట్లున్నాయి హెట్టీ.”

“ఉంటే? పుచ్చిన చెట్టు రాజుగారేం చేసుకుంటారు, పళ్లు కుట్టుకుంటారా?”

“పనికిరాదని నేనంటే చాలదు. వాళ్లు రాసివ్వాలి.”

“నెత్తిన పడేటప్పుడు అది కాగితం చూపించమంటుందా?”

అంతకుముందు ఏడాదే మా మిల్లులో గాట్ల దుంగలు దొరికి, మిల్లు మూతపడి, ఆ చలికాలమంతా మేము టర్నిప్ దుంపలు ఉడకేసుకు తిన్నాం. ఆ భయం నాకింకా వదల్లేదు. నా నోరు ఊరుకోలేదు.

“తొందరపడకు బావా. మాకేమైందో చూశావుగా. అర్జీ పెట్టు, రెండు వారాలేగా. ఇన్నేళ్లు నిలబడ్డ చెట్టు రెండు వారాలు నిలబడదా?”

అక్క నావైపు తిరిగింది. “ఒరిగింది నీ ఇంటి మీదికి కాదుగా డార్కస్. నీకేం, ఎన్నయినా చెప్తావు.”

బావ నా మాటే విన్నాడు. తనిఖీ మనిషి హోజియా వాడ్లీ పది మైళ్ల దూరంలో ఉండేవాడు. బావ అర్జీ తన చేత్తోనే రాసుకుని నడిచి వెళ్లి ఇచ్చాడు. తిరిగొచ్చినప్పుడు సంతోషంగా ఉన్నాడు. “పైకి పంపుతానన్నాడు. కూర్చోమని బెంచీ చూపించాడు కూడా,” అన్నాడు. రెండు వారాలు గడిచాయి, నాలుగు గడిచాయి. ఇంకో రెండుసార్లు వెళ్లాడు. “వస్తుంది జోథమ్, పైనుంచి రావాలి కదా,” అని వాడ్లీ అన్నాడట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడు సముద్రం అవతల ఉన్నాడు, పూజారి బెంచీ చూపిస్తున్నాడు. ఈలోగా బావ చెట్టుకు దుంగలు ఆనించాడు, తాళ్లు కట్టి గట్టు వైపు లాగాడు, మంచం అవతలి గదిలోకి మార్చాడు. నరకడం ఒక్కటే చేయలేదు.

అక్టోబరు ఆఖర్లో ఒక మధ్యాహ్నం గాలి లేచింది. బావ పై అడవిలో ఉన్నాడు, రాజుగారి ఇంకో చెట్టుకు పక్క పరుస్తున్నాడు. మిల్లు దగ్గర నాకు పెద్ద చప్పుడు వినిపించింది. ఉరుమనుకున్నాను. ఆకాశంలో మబ్బు లేదని గుర్తొచ్చి పరుగెత్తాను.

చెట్టు ఇంటిని నేలమట్టం చేసి అడ్డంగా పడి ఉంది. నేను వెళ్లేసరికి బావ నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. ఆ చెట్టు మీద గొడ్డలి వేయడం ఆయన అప్పుడే మొదలుపెట్టాడు. నరుకుతూనే ఉన్నాడు. ఏడు చోట్ల తెగనరికి, ముక్కలు పక్కకు దొర్లించి, దూలం కింది నుంచి అక్కను బయటికి లాగాం. ఆమె చేతులకు మొక్కజొన్న పిండి ఇంకా తడిగా ఉంది. ప్రాణం లేదు.

గోరుచుట్టు మీద రోకటి పోటులా ఎనిమిదో రోజున వాడ్లీ వచ్చాడు. రాజుగారి చెట్టు పడిపోయిందని ఎవరో చెప్పారట. మొదలు కొలిచాడు. బెరడు మీద వేలు పెట్టి చూశాడు.

“రాజుగారి చెట్టు మీద నీ గొడ్డలి వేట్లున్నాయి జోథమ్. నేను చూసింది నేను రాయాలి కదా.”

“రాసుకోండి,” అన్నాడు బావ.

వాడ్లీ ఆ రాత్రికి ఊరి సత్రంలో ఆగాడు. తెల్లవారేసరికి ఇరవై మంది మగాళ్లు ముఖాలకు పొయ్యి మసి పూసుకుని అతన్ని రోడ్డు మీదికి ఈడ్చారు. మసి పూసుకుంటే మాత్రం, కుంటి నడక చూసి నా మొగుణ్ణి నేను పోల్చుకోలేనా? ఆడవాళ్లమంతా కంచె పక్కన నిలబడి చూశాం. అతని గుర్రం జూలు కత్తిరించారు. చొక్కా విప్పించారు. బావ మసి పూసుకోలేదు, మామూలు ముఖంతో వచ్చాడు. ఏమస్ ఆయన చేతిలో బెత్తం పెట్టాడు.

“మొదటి దెబ్బ నీది తోడల్లుడూ.”

బావ బెత్తం పట్టుకుని నిలబడ్డాడు. “వాడ్లీ గారూ, నా అర్జీ ఎక్కడిదాకా పోయింది?” అని అడిగాడు.

వాడ్లీ ఏడుస్తున్నాడు. “నా పెట్టెలోనే ఉంది జోథమ్. ఒక్క చెట్టుకోసం ఏం పంపుతాంలే అని… ఇంకో పదో పరకో వస్తే కలిపి పంపుదామనుకున్నా.”

బావ బెత్తం కింద పడేసి ఇంటి దారి పట్టాడు. మిగతావాళ్లు వదల్లేదు. నేనూ వద్దనలేదు. వాడ్లీ అంటే నాకు ఈనాటికీ జాలి లేదు.

తర్వాత బావ మళ్లీ ఇల్లు కట్టుకోలేదు, రాజుగారి పనికీ పోలేదు. రెండు చలికాలాలు మా మిల్లు అటక మీద పడుకున్నాడు. సత్రంలో అందరూ పన్నుల గురించి, పార్లమెంటు గురించి గొంతులు చించుకుంటుంటే ఆయన ఒక మూల కూర్చుని కత్తితో పుల్ల చెక్కుకునేవాడు. డెబ్బై అయిదు ఏప్రిల్‌లో, దక్షిణాన రాజుగారి సైనికులు రైతులను కాల్చి చంపారని కబురొచ్చింది. ఊళ్లోని కుర్రాళ్లంతా తుపాకులు తీశారు. యాభై మూడేళ్ల మా బావ కూడా అటక దిగి వచ్చాడు. ఆయన సంచిలో రొట్టె, ఉప్పేసిన పంది మాంసం నేనే సర్దాను.

“ఈ వయసులో నీకెందుకు బావా ఈ యుద్ధం? టీ మీద పన్ను వేశారనా?”

“టీ నేను తాగనుగా.”

“మరి వాడ్లీ మీద కోపమా? వాడు ఊరొదిలి ఏడాది దాటింది.”

“వాడ్లీ కాకపోతే ఇంకొకడు పెట్టెలో పెట్టుకునేవాడు. అవతల కూర్చున్నాయనకి నాకో ఇల్లుందనే తెలీదు. తెలిసి వద్దన్నా సర్దుకునేవాణ్ణి.” సంచి దగ్గరికి లాక్కున్నాడు. “చెట్టు నా పెళ్లాం నెత్తి మీదుంది. గొడ్డలి నా చేతిలో ఉంది. నేను అర్జీ పెట్టుకుని కూర్చున్నాను డార్కస్. ఇక ఎవర్నీ ఏదీ అడగను.”

ఏడాదిన్నరగా నోట్లో నానుతున్న మాట అప్పుడు బయటపడింది.

“ఆగమన్నది నేను కదా బావా.”

ఆయన సంచి మూతి బిగించి భుజాన వేసుకున్నాడు. “తెలుసు,” అన్నాడు. వెళ్లిపోయాడు.

జూన్‌లో చార్లెస్‌టౌన్ దగ్గర కొండ మీద రాజుగారి సైన్యంతో జరిగిన పోరులో పోయాడు. తూటాలు అయిపోయి వెనక్కి రమ్మని కేకేసినప్పుడు తమ పక్కన ఆయన లేడని కుర్రాళ్లు వచ్చి చెప్పారు. శవాన్ని శత్రువులే గోతిలో వేశారు, ఎక్కడో తెలియదు. స్వేచ్ఛ కోసం ప్రాణమిచ్చిన జోథమ్ పెటెంగిల్ అని మా పాదిరీ ఆదివారం పేరు పెట్టి చెప్పాడు. జనమంతా నావైపు గౌరవంగా చూశారు. నేను తలెత్తలేదు. రెండు నెలలుగా నేను ఒక్క ప్రశ్న సిద్ధం చేసుకుని ఉన్నాను, ఆయన తిరిగొస్తే గుమ్మంలోనే అడుగుదామని. తెలిసి కూడా ఏడాదిన్నర నా చేతి కూడు ఎలా తిన్నావు బావా అని.