తేడా తెలియని కూడిక

పాలమూరు యూనివర్సిటీలో మా పీహెచ్‌డీ గైడ్ రిటైర్ కావడానికి వారం కూడా లేదు. ఆలోపు నా ప్రోగ్రాం తప్పుల్లేకుండా నడవాలి, థీసిస్ మీద ఆయన సంతకం పడాలి. లేకపోతే కొత్త గైడ్, మళ్లీ మొదటికి. చౌటుప్పల్ డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, మిగిలిన వేళంతా ఆ ప్రోగ్రాం చుట్టూ కాలు కాలిన పిల్లిలా తిరిగాను.

కోస్గి నుంచి బాపు రోజూ ఫోను.

“లెక్క ఒడ్సిందా బిడ్డా?”

“ఒడుస్తలేదు బాపు.”

“గంత మొండి లెక్కనా?”

మొండిదే. మన ఫోన్లలో మాటల్ని, డబ్బుల్ని కాపాడే తాళాల్లో చాలావాటికి ఆధారం ఎలిప్టిక్ కర్వ్ అనే ఒక వంపుగీత. దాని మీది రెండు బిందువుల్ని కలిపితే మూడోది వస్తుంది. తాళానికి చెవి చేయాలంటే ఆ కూడిక మళ్లీ మళ్లీ చేయాలి. బిందువుల్ని థీటా ఫంక్షన్లనే ఒక రకం సూత్రాల విలువలతో రాసుకుంటే ఆ పని కొన్ని వర్గాలు, కొన్ని గుణకారాలతో ఇట్టే అయిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు విజిల్ వేయాలనిపించింది.

చెవి చేసేటప్పుడు నా ప్రోగ్రాం గుర్రంలా పరిగెత్తేది. డిజిటల్ సంతకాన్ని సరిచూడమంటేనే మొరాయించేది. ఒక సంతకాన్ని ఒప్పుకునేది, అంతే నిఖార్సయిన ఇంకోదాన్ని దొంగదనేది. ఎక్కడ తప్పిందో అంతుపట్టక, గైడ్‌నే అడుగుదామని డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేశాను. ఎత్తింది అటెండర్. ఇంట్లో ఉర్దూ, మాతో ఉర్దూ తెలుగూ కలిపి మాట్లాడే మనిషి.

“సార్ ఎప్పుడుంటరు?”

“సార్ కల్...”

నాకది చాలు. రేపన్నమాట! టక్కున పెట్టేశాను. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి, హైదరాబాదులో బస్సు మారి పాలమూరు చేరితే గదికి తాళం.

“అరే మేడం, పూరా వినకనే పెట్టేస్తిరి! సార్ కల్ ఆయే థే అంటున్న. మొన్ననే వచ్చిపోయిన్రు. ఇగ సోమారమే, గదే ఆఖరి రోజు.”

ఉర్దూలో నిన్నా ‘కల్’, రేపూ ‘కల్’. ఏదో తేల్చేది చివరన వచ్చే క్రియ. పాలమూరు జిల్లాలో పుట్టి ఈ సంగతి తెలియనివాళ్లుండరు. నా తొందర మీద నాకే ఒళ్లు మండింది. వరండాలో అటూ ఇటూ తిరుగుతూ తిట్టుకుంటున్నదాన్ని ఉన్నట్టుండి ఆగిపోయాను.

థీటా రాతలోనూ ఇంతే కదా! ఒక బిందువుకూ, దానికి సరిగ్గా ఎదురు బిందువుకూ ఒకటే రాత. రెండింటిని కలపమంటే వచ్చింది మొత్తమో, తేడానో అది చెప్పలేదు. వాటి తేడా ముందే తెలిసి ఉంటేనే మొత్తం తేలుతుంది. చెవి చేసే పనిలో ఆ తేడా ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. సంతకం పనిలో ఉండదు. ఇన్నాళ్లూ నేను తప్పు వెతికిన చోట అసలు తప్పే లేదు. ఆ రాత గుణమే అది.

ఇంటికొచ్చి, ఏది అసలు బిందువో, ఏది ఎదురుదో చెప్పే గుర్తును రాబట్టే భాగం ఒకటి చేర్చాను. లెక్క కుదిరింది, వేగం పోయింది. సంతకాల దగ్గర నా పద్ధతి పాతదానికన్నా వెనకబడింది. వేగమే నా థీసిస్ మరి.

సోమవారం గైడ్ అంతా చదివారు. కలం తీసి, థీసిస్ పేరులోంచి ‘సంతకాలు’ అన్న మాట కొట్టేశారు.

“మిగిలింది మాత్రం ఎవరు తిప్పి చూసినా నిలబడుతదమ్మా” అంటూ కింద సంతకం పెట్టారు.

బయటికొచ్చాక ఒకచోట నిలబడలేకపోయాను. బస్టాండంతా తిరుగుతూ బాపుకు ఫోన్ చేశాను.

“సంతకం పెట్టిన్రు బాపు. కానీ సగం పని కొట్టేసిన్రు.”



“మిగిలిన సగానికి డాక్టరంటరా, అనరా?”

“అంటరు.”

“మరి ఏడుస్తవేందే? వాన సగమే పడ్డ ఏడు మనం కంది కోస్కోలేదా?”

ఏడుస్తున్నానని నేను చెప్పనేలేదు.