సారు వేసిన ముడి

నేను లెక్కల మాస్టర్ని. దయ్యాన్ని చూశానని ఎవరైనా అంటే దాని ఎత్తెంత, బరువెంత అని అడిగే రకం. అందుకే మా ఆవిడ ఈ సంగతి ఎత్తి నన్ను ఇప్పటికీ ఏడిపిస్తుంది. అరవైల్లో జహీరాబాద్‌లో జరిగిన ఈ ఒక్కదాని దగ్గర నా లెక్క తప్పింది.

మా ఊళ్లో పేరుమోసిన కవి ఒకాయన ఉండేవారు. చిన్నప్పుడు నాకు తెలుగు చెప్పారు కాబట్టి సారు అనే పిలిచేవాణ్ణి. ఆయన పాటలు హైదరాబాద్ దాకా పాకాయి గానీ, ఆయన మాత్రం పెన్సిల్ ముట్టేవారు కాదు. పొద్దున్నే ఒంటరిగా చిరాగ్‌పల్లి వైపు నడిచేవారు. కొత్త చరణం తట్టినప్పుడల్లా మర్చిపోకుండా కండువా కొసన ఒక ముడి వేసుకునేవారు. ఇంటికొచ్చాక ఆయన భార్య ఒక్కో ముడి విప్పుతుంటే, ఆయన ఒక్కో చరణం చెప్పేవారు. ఆమె రాసుకునేది. ఆయన పుస్తకాలన్నీ మొదట ఆమె చేతిరాతే. ఆమెను నేను అమ్మా అనేవాణ్ణి.

సారు పోయిన మరుసటి ఏడు హైదరాబాద్ నుంచి ముగ్గురు జీపులో వచ్చారు, ఆయన మీద డాక్యుమెంటరీ తీయడానికి. కళ్లజోడు, నోటుపుస్తకాలు, పాఠాలు చెప్పిన బడి, అల్లం చేలల్లో ఆయన పాటలు పాడే కూలీలు, అన్నీ తీశారు. కానీ అసలు మనిషే లేడాయె. ఎత్తూ, వంగిన భుజాలూ కాస్త సారులాగే ఉన్నాయని నన్ను పట్టుకున్నారు. ఆయన కండువా వేసుకుని, కెమెరాకు వీపు పెట్టి నడవాలి.

కండువా ఇస్తూ అమ్మ నా చెయ్యి వదల్లేదు.

"ముప్పై ఏండ్లు ముడులు ఇప్పిన గని, ఆయన ముడి ఏస్తుంటె ఒక్కనాడు సూడలే బిడ్డా. పక్కన మనిషుంటె ఆయనకు పాటనే రాకపోతుండె. జర గది సినిమాల పెట్టియ్యి. ఒక్కసారి సూస్త."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. తప్పకుండా అన్నాను.

మర్నాడు పొద్దున బొంబాయి రోడ్డు దిగి చెరుకు చేల మధ్య బాటన నడిచాను. నడిచాను, నడిచాను, ముడి వెయ్యడం మాత్రం మర్చిపోయాను! వెనక కెమెరా ఉందనే భయంలో నా కాళ్లే నా మాట వినలేదు, ఇక చేతుల సంగతి చెప్పాలా? గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చేసరికి రీలు అయిపోయింది. ఇంకోటి లేదట. ముడి లేని కండువాను మడతపెట్టి అమ్మకిచ్చేశాను. నిజం చెప్పే ధైర్యం చాల్లేదు.

కొన్ని నెలలకు ఆ సినిమాను మా బళ్లో వేశారు. పట్టపగలే, కిటికీలకు దుప్పట్లు కట్టి. అమ్మ అందరికంటే ముందు చాప మీద కూర్చుంది. పక్కన నేను, శిక్ష పడబోయేవాడిలా.

తెర మీద చెరుకు చేను వచ్చింది. నా వీపు వచ్చింది. నాలుగడుగులు వేసి ఆగింది. నేను ఎక్కడా ఆగలేదు! తల పక్కకు వంచి, కండువా కొస లాక్కుని, ఎడమ చేత్తో చకచకా ముడి వేసి మళ్లీ నడిచింది. నాది కుడిచేతి వాటం. సారుది ఎడమ.

అమ్మ పకపకా నవ్వింది. "గిట్ల ఏస్తుండెనా! తల సూడు, ఎట్ల వంకర పెట్టిండో!"

"అమ్మా, అది నేను కాదు" అన్నాను.

"నాకు ఎర్క లేదా బిడ్డా?"

తర్వాత ఆ ముడి సంగతి అడుగుతూ డైరెక్టరుకు ఉత్తరం రాశాను. ముడి బాగా వేశారని మెచ్చుకుంటూ జవాబు రాశాడు. అది ఎవరు వేశారో ఇన్నేళ్లయినా నేను తేల్చలేకపోయాను.

సినిమా అయిన రోజే అమ్మ నన్ను ఇంటికి తీసుకెళ్లి, పెట్టెలోంచి కండువా తీసింది. కొసన ముడి ఉంది. విప్పబోతే నా చేతి మీద ఒక్కటేసింది.

"ముట్టకు! గది నా పని. జర పెన్సిల్ తెచ్చుకోనీ."

ఏం రాసుకుందో నాకు చూపించలేదు. రాస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉంది.