ముందు డోరు

భీమరాజు గారు ఆర్టీసీలో ముప్పై రెండేళ్లు కండక్టరుగా చేశారు. రాజమండ్రి నుంచి సామర్లకోట దాకా ఏ గుంత ఎక్కడుందో, ఏ ఊరివాళ్లు నిద్రలో దిగడం మరిచిపోతారో ఆయనకు కంఠతా వచ్చు. అలాంటి మనిషికి ట్రామెక్కడం నేర్పబోయాడు టూరు మేనేజరు సురేష్‌బాబు. ఒళ్లు మండదూ మరి?

"ప్రాగ్‌లో ఈ పూట ఎవరిష్టం వాళ్లదండి. కానీ ట్రామెక్కితే మాత్రం అమ్మగారి చెయ్యి వదలకండి" అన్నాడు.

"బస్సుల్లోనే తల నెరిసినోణ్ని బాబూ. నాకు చెప్తావేంటి?"

చెయ్యి వదలొద్దని రాజమండ్రి డాక్టరు గారు కూడా అన్నారు. భార్య వరహాలక్ష్మికి ఉగాది నుంచి మతిమరుపు మొదలైంది. ముందు పొయ్యి మీది పాలు, తర్వాత బీరువా తాళాలు, ఒకరోజు ఇంటికొచ్చే వీధి. అంతా మరిచిపోకముందే యూరప్‌లో నాలుగు ఊళ్లు చూపించాలని పట్టుబట్టి తీసుకొచ్చారాయన. మరిచిపోయే మనిషికి చూపించడం ఎందుకని కొందరు చుట్టాలు అడిగారు. వాళ్లతో ఆయన మాటలు మానేశారు.

ఇద్దరూ ఊరి మధ్య నది మీదున్న పాత వంతెన మీద నడిచారు. "మన గోదావరిలో ఒక పాయంత కూడా లేదండి ఇది" అందావిడ. ఆ మాటతో ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఇవాళ మనిషి బాగానే ఉందనుకున్నారు. ఆ ధీమాయే కొంప ముంచింది.

నవంబరు నెల, నాలుగున్నరకే చీకటి కమ్ముతోంది. రెండు ఎర్ర పెట్టెలతో ట్రామ్ వచ్చి ఆగింది. తోపులాట లేదు, కేకలు లేవు. అంతమంది అంత నిశ్శబ్దంగా ఎక్కుతుంటే ఆయనకు ఎందుకో గుబులు పుట్టింది. అయినా అలవాటు పడ్డ నోరు ఊరుకుంటుందా?

"నువ్వు ముందెక్కు. నేను వెనకాల ఎక్కుతా" అనేశారు.

మన సిటీ బస్సుల్లో ఆడవాళ్లది ముందు డోరు, మగవాళ్లది వెనక డోరు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఏ బస్సెక్కినా వాళ్ల పద్ధతి అదే. దిగే చోట ఆయన వెనకనుంచి కేకేస్తారు, ఆవిడ దిగుతుంది. ఆయన కేక వినకుండా ఒక్కనాడూ దిగలేదు.

తలుపులు మూసుకున్నాక గానీ ఆయన చూడలేదు. పెట్టెకీ పెట్టెకీ మధ్య దారి లేదు. అద్దంలోంచి ముందు పెట్టెలో ఆవిడ ఆకుపచ్చ శాలువా కనబడుతోంది. ఆవిడ ఫోను, పాస్‌పోర్టు, టికెట్టు, హోటల్ కార్డు అన్నీ ఆయన సంచీలోనే ఉన్నాయి. పారేస్తుందని ఆయనే పుచ్చుకున్నారు.

"లక్ష్మీ!" అని అరిచారు. జనం ఒకసారి చూసి తలలు తిప్పుకున్నారు. చెప్పుకోవడానికి కండక్టరు లేడు, లాగడానికి గంట తాడూ లేదు.

తర్వాతి స్టాపులో దూకి ముందుకు పరిగెత్తారు. చెయ్యి ముందు డోరు మీద పడేసరికి అది మూసుకుంది. అద్దం అవతలనుంచి ఆవిడ ఆయన్ని చూసింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషిని చూసినట్టు చూసి తల తిప్పుకుంది. ట్రామ్ కదిలిపోయింది.

సురేష్‌బాబుకు ఫోన్ చేశారు.

"ఏ స్టాపులో ఉన్నారండి?"

"తెలీదు బాబూ" అన్నారు భీమరాజు గారు. బోర్డు మీద పేరు ఎదురుగానే ఉంది, చదవడం రాలేదు. స్టాపు పేరు చెప్పలేకపోవడం జీవితంలో అదే మొదటిసారి.

అదే నంబరుతో వచ్చిన ఇంకో ట్రామెక్కారు. ప్రతి స్టాపులోనూ ఆకుపచ్చ శాలువా కోసం చూస్తూ చివరిదాకా వెళ్లారు. ఊరు అయిపోయింది. చెట్ల మధ్య పట్టాలు గుండ్రంగా తిరిగే చోట ఆవిడ ఎక్కిన ట్రామ్ ఆగి ఉంది. డ్రైవరు కింద నిలబడి, దిగమన్నట్టు చేతులు తిప్పుతూ లోపలికి ఏదో చెబుతున్నాడు. ముందు పెట్టెలో ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది.

ఆయన ఎక్కి ఊపిరి పీల్చుకున్నారు. "దిగు లక్ష్మీ" అన్నారు.

ఆవిడ కదల్లేదు. మర్యాదగా ఆయన మొహంలోకి చూసింది.

"టికెట్టు మా ఆయన దగ్గరుందండి కండక్టరు గారూ. వెనకాల ఎక్కారు. ఆయన కేకేస్తే దిగుతాను."

ఆయన దిగి, వెనక పెట్టె దాకా నడిచారు. అక్కణ్నుంచి కేకేశారు.

"లక్ష్మీ! మన స్టాపొచ్చింది, దిగు!"

ఆవిడ వెంటనే దిగింది. గబగబా వచ్చి, ఆయన్ని దాటుకుని వెళ్లి, వెనక పెట్టె కిటికీల్లోంచి ఆయన కోసం వెతకడం మొదలుపెట్టింది.