ఎద్దు మాట్లాడిందా, లేదా

ఆ రోజుల్లో ఏ కథ చెవిన పడినా దాన్ని విప్పి చూడందే నాకు తోచేది కాదు, చేతికి కొత్తగా స్క్రూడ్రైవర్ దొరికిన పిల్లవాడు ఇంట్లో రేడియో జోలికి పోయినట్టు. బీఈడీ అయిన వెంటనే ఆత్మకూరు నుంచి ఉదయగిరి వచ్చి, ఒక ప్రైవేటు బడిలో తెలుగు అయ్యవారిగా చేరాను. తొమ్మిదో తరగతి బోర్డు మీద ఇతివృత్తం, పాత్ర, సంఘర్షణ, పతాక సన్నివేశం అని రాసి, ఇవి తెలిస్తే ఏ కథైనా మన గుప్పిట్లో ఉన్నట్టేనని బోధించేవాణ్ణి. (అప్పటికి నేను ఒక్క కథా రాసి ఎరగను. అదృష్టవశాత్తూ పిల్లలు అడగలేదు.)

నేను అద్దెకున్న ఇంటి అవ్వకు ఏటా విత్తనానికి వేరుశనక్కాయలు ఒలిపించుకోవడం పెద్ద పని. మరలో పోస్తే గింజ చితికి మొలక రాదని చేత్తోనే ఒలిపించేది. కూలోళ్లను పిలిచేది కాదు. సాయంత్రం వరండాలో కాయలు రాశి పోసి కథ ఎత్తుకునేది. వీధి పిల్లలంతా చుట్టూ చేరి ఒలుస్తూ, ఊ కొడుతూ వినేవాళ్లు. ఊ ఆగితే కథ ఆగేది, చెయ్యి ఆగినా ఆగేది. ఆ ఏటి కథలో అత్తగారి నగ పోయింది, నింద చిన్నకోడలి మీద పడింది. దొంగను చూసింది కొట్టంలో ఎద్దు ఒక్కటే. రోజులు గడుస్తున్నా ఆ ఎద్దు నెమరు వేస్తూనే ఉంది.

ఒక సాయంత్రం అవ్వ మంచినీళ్లకు లోపలికి పోగానే నా శిష్యుడొకడు అడిగాడు.

"సార్, దీంట్లో పతాక సన్నివేశం యాడుండాది సార్?"

నాకు అంతకన్నా ఏం కావాలి. "నాయిక చిన్నకోడలు. నగ దాచింది అత్తే. ఎద్దును కథలో ఊరికే పెట్టరు గదరా. పంచాయితీలో అది నోరు తెరిచి అత్త పేరు చెప్తుంది."

"అంతేనా సార్?"

"అంతే."

పిల్లలు ఒళ్లో పొట్టు దులుపుకుని క్రికెట్‌కు పోయారు. అవ్వ చెంబుతో బయటికి వచ్చేసరికి వరండాలో నేనూ కాయల రాశీ మిగిలాం.

మర్నాడు ఒక్కరూ రాలేదు. వాన మాత్రం వచ్చింది. నేల పదునెక్కింది, అందరూ విత్తడం మొదలుపెట్టారు, అవ్వ విత్తనం సగం ఇంకా పొట్టులోనే ఉంది. పదును ఆరితే ఆ ఏటి పంట లేనట్టే.

"టీవీలు వచ్చినాక నీ కథలు ఎవురికి గావాల్లే అవ్వా" అంది పక్కింటామె. నేను కూడా "అవునండీ, అంతా టీవీలే" అని గంభీరంగా తల ఊపాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, రాశిని నా ముందుకు తోసింది.

"టీవీ సారూ, కూచ్చో."

పదును ఆరేలోగా ఒలవాలి. బొటనవేళ్లు బొబ్బలెక్కాయి. (ఆ వారం సుద్దముక్క పట్టుకోలేక 'మౌఖిక పరీక్షలు' పెట్టాను.) అవ్వ చెప్తూ పోయింది, నేను ఊ కొడుతూ పోయాను. చివరికి పంచాయితీకి ఎద్దును తోలుకొచ్చారు. ఊరంతా దాని నోటి వైపే చూస్తోంది. అంతలో ఆఖరి కాయ చిట్లింది. అవ్వ గింజల చాట ఎత్తుకుని లేచింది.

"అవ్వా, ఎద్దు మాట్లాడిందా?"

"మాట్లాడిందని నువ్వే చెప్పినావంట గదా నాయనా."

"అది నిజమేనా?"

"కాయలు అయిపోయినాయి. లెయ్యి."

విత్తనం వేళకు పడింది. మిగతా కథ మరుసటి ఏడు విందామనుకున్నాను గానీ, ఈలోగా ఆత్మకూరులో ఉద్యోగం వచ్చింది. పిల్లలు మళ్లీ ఆ వరండా ఎక్కలేదని తర్వాత తెలిసింది. అవ్వ కథలను టీవీ మింగిందనే ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. టీవీకి ఆ పాపంలో భాగం లేదు. అదంతా నాదే.

ఇప్పుడు అవ్వ లేదు, అడగడానికి. ఆదివారం పూట ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ముందు పెట్టుకుని కూర్చుంటే, ఒక కాయ చిట్లగానే నా నోటి నుంచి "ఊ" అని వస్తుంది.

"నేనేం చెప్పలేదే" అంటుంది మా ఆవిడ.