అమ్మ చెప్పని పేరు

నాకు కొత్తగా పెళ్లయిన రోజులవి, అరవయ్యో దశకం మొదట్లో. తాండూరులో పుట్టింటికి వచ్చాను. కందులు చెరుగుతున్న అమ్మ చేతిలోంచి ఉన్నట్టుండి చేట జారింది. ఆమె కుడిపక్క చెయ్యీ కాలూ పడిపోయాయి, మూతి వంకరపోయింది. వెంటనే రైల్లో వికారాబాద్ దవాఖానాకు తీసుకుపోయాం.

అక్కడికి కొత్తగా వచ్చిన డాక్టరు అమ్మ నాడి చాలాసేపు చూశాడు. "గుండె తాళం తప్పి కొట్టుకుంటున్నది. అందుకే నెత్తురు గడ్డకట్టి మెదడుకు పోయింది. మళ్లీ అట్లయితే బతకడం కష్టం" అన్నాడు. అమ్మ కళ్లు తెరవలేదు.

మూడోనాడు తెరిచింది. డాక్టరు మమ్మల్ని బయట ఉండమని లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చి నాన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ ఆయన పేరేందని ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పలేదు. ఇక మాట వస్తదని ఆశ పెట్టుకోకండి."

నాన్న అక్కడే గోడకానుకొని కూర్చున్నాడు.

నేను అమ్మ మంచం దగ్గరికి పోయాను. "డాక్టరు అడిగితే ఎందుకు చెప్పలేదే అమ్మా?"

అమ్మ నాలుక మడతపడుతోంది. ఒక్కో మాటా కూడగట్టుకొని నన్నే కసిరింది.

"మొగని పేరు... నోటితోని... ఎట్ల చెప్తరే?"

బయటికొచ్చి చెప్పాను. డాక్టరు నవ్వలేదు. లోపలికి వెళ్లి, ఈసారి ఆమె పేరే అడిగాడు. చెప్పింది.

తర్వాత అమ్మ చాలా ఏళ్లు బతికింది. కుడిచెయ్యి మాత్రం సరిగా రాలేదు. ఇప్పటికీ ఎవరికైనా పక్షవాతమొచ్చి ఇక మాట రాదన్నారని వింటే, వాళ్లనేం అడిగి చూశారని ముందు నేనడుగుతాను.