గింజ రాలేదాకా

"అత్త లేని కోడలు ఉత్తమురాలు" అన్న మహానుభావుడెవరో రాళ్లక్క ఇంటికి వచ్చి ఉండడు. వచ్చి ఉంటే నాలుక కరుచుకునేవాడు.

రాళ్లక్క అసలు పేరు ఎప్పుడో మరుగున పడిపోయింది. ఆమె కాపురానికి వచ్చేనాటికే ఇంటి వెనక గుట్ట బోడిగుండు. తరతరాల గొర్రెలు గడ్డిని వేళ్లతో సహా పీకి తిన్నాయి. వాన పడితే నీళ్లు ఒక్క క్షణం నిలవకుండా, ఉన్న కాస్త మట్టినీ వెంటబెట్టుకుని వాగులోకి పారిపోయేవి. ఆమె వాలుకు అడ్డంగా రాళ్లు వరసలుగా పేర్చింది. నీళ్లు అక్కడ కాసేపు ఆగితే నేలలోకి ఇంకుతాయని ఆశ. వరసలకు ఎగువన మట్టిలో గడ్డి గింజలు చల్లి, చుట్టూ ముళ్లకంప వేసింది. ఆ పేరు అప్పుడు వచ్చిందే. పెట్టింది సొంత అత్తే.

"రాళ్లు నాటితే రాళ్లే కాస్తాయే," అనేది అత్త, గుమ్మంలో కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటూ.

వానలకు కంప లోపల గడ్డి జానెడు లేచింది. బయట నేలంతా ఎప్పటిలాగే బోడి. ఇంట్లో ఎండుగడ్డి అయిపోయింది, దొడ్డిలో గొర్రెలు డొక్కలెండి అరుస్తున్నాయి.

"కళ్లెదుట పచ్చగడ్డి పెట్టుకుని మందను చంపుకుంటామా? మేపుదాం, లేదంటే సంతకు తోలేద్దాం," అన్నాడు మొగుడు.

మంద పోతే ఆ ఇంటికి వేరే బతుకుతెరువు లేదు. గింజ రాలకముందే మేపితే గుట్ట మళ్లీ బోడిదవుతుంది, మరుసటి ఏడు ఇదే గతి. ఇదంతా రాళ్లక్కకు తెలుసు. తెలిసినా, ఈనిన గొర్రె పొదుగులో చుక్క పాలు లేకపోవడం చూసి ఆమె మనసు ఆగలేదు. పొద్దున్నే కళ్లు తుడుచుకుంటూ మందను కంప దగ్గరికి తోలింది.

కంప తీసే సందులో అత్త కూర్చుని ఉంది. చేతిలో కర్ర, పక్కన పెద్ద మోపు పచ్చి రెమ్మలు.

"లే అత్తా."

"గింజ రాలేదాకా లేవను."

"రాళ్లే కాస్తాయన్నావుగా?"

"అన్నాను. గడ్డి కాసింది. నా నోరు నా ఇష్టం. ముందు ఆ రెమ్మలు వాటికి పడెయ్. నేను కోడలుగా ఉన్నప్పుడు కరువొస్తే వాగవతలి చెట్ల నుంచి ఈ రెమ్మలే కొట్టుకొచ్చేవాళ్లం."

మర్నాటి నుంచి మొగుడూ పెళ్లాలు కొడవళ్లు పట్టుకుని వాగు దాటారు. సందులో కాపలా అత్తది. గొర్రెలు చిక్కిపోయాయి కానీ ఒక్కటీ సంతకు పోలేదు. గింజ పండింది, రాలింది.

మరుసటి వానలకు గుట్ట మీద గడ్డి మోకాలెత్తున లేచింది. వాలు కింద గుంటలో ఎండాకాలం దాకా నీళ్లున్నాయి. ఇప్పుడు ఒక పక్క మేపి, రెండో పక్కను గింజకు వదులుతున్నారు. అత్త మాత్రం గుమ్మం దాటలేదు. మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి.

ఒక సాయంత్రం ఆ మోకాళ్లకు నూనె రాస్తూ రాళ్లక్క ఉండబట్టలేక అనేసింది.

"ఆ రోజు నువ్వు లేచి ఉంటే మనకు ఈ మంద ఉండేది కాదు. నీ రుణం తీర్చుకోలేను అత్తా."

"నీ ఏడుపు మొహం చూసి లేద్దామనే అనుకున్నానే. మోకాళ్లు పట్టేశాయి."

రాళ్లక్క పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే చెయ్యి ఆగిపోయింది. ఆ వయసులో చీకటితో లేచి, వాగు దాటి, అంత మోపు నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చిన మోకాళ్లు పట్టెయ్యక ఏం చేస్తాయి? ఆమె అరచేతిలో ఇంకాస్త నూనె పోసుకుంది.